అతీపోకా దూడలు

కుల్గో
2018 నవంబరు 18

అక్రా నగరాలంకారులు, కుంచె ధరించిన మహాపురుషులు, మా ఇంటి పెద్దకొడుకు ఆబేరింగా అన్నగారి సముఖానికి చెల్లెలు లమీసీ సవినయంగా విన్నవించుకునేది:

ఇక్కడ అందరం బాగున్నాం. చనిపోయిన పెద్దమ్మ కూడా బాగానే ఉంది. ఇవాళ పొద్దున రెండు ముద్దల సజ్జ సంకటి తిని, బెండకాయ పులుసులో ఉప్పు తక్కువైందని నన్ను తిట్టింది. చనిపోయాక ఆకలి పెరుగుతుందని నాకింతవరకూ తెలియదు.

సంగతేమిటంటే, మా బడి హెడ్మాస్టరు బయూర్ గారు బోల్గా సంతలో సబ్బులు కొన్నారు. సబ్బులు చుట్టిన పేపరు విప్పితే అందులో నువ్వున్నావు. చేతులు కట్టుకుని, ఎటో చూస్తూ, కడుపునొప్పి వచ్చినవాడిలా. కింద ఇలా వేశారు: "తల్లి పోయాక ఈ కళాకారుణ్ణి పెంచిన సవతి తల్లి ఆ ఊరి చివరి గోడ చిత్రకారిణి. ఆమె కన్నుమూయడంతో తరాల విద్య అంతరించింది. ఇక మిగిలింది ఈ యువకుడి కుంచె ఒక్కటే."

బయూర్ గారు దగాబా మనిషి. దగాబా వాళ్ళకీ మన నన్కానీలకీ తాతల నాటి నుంచీ వేళాకోళం వరస. మన ఇంట్లో చావు జరిగితే వచ్చి, శవాన్ని ఎగతాళి చేసి, కుక్క తలకాయ ఇస్తేగానీ పాతిపెట్టనివ్వం అని గుమ్మంలో బైఠాయించే హక్కు వాళ్ళది. ఆ హక్కు ఆయన వదులుకుంటాడా? నలుగురు చుట్టాల్ని వెంటేసుకుని, చొక్కాలు తిరగేసి తొడుక్కుని, గుండెలు బాదుకుంటూ దిగాడు.

పెద్దమ్మ పెరట్లో షియా గింజలు దంచుతోంది. వాళ్ళ ఏడుపు చూసి రోకలి పడేసి తనూ మొదలెట్టింది.

"ఎవరు పోయారు నాయనా?"

"నువ్వే."

"ఎప్పుడు?"

"పేపర్లో తేదీ వెయ్యలేదు."

"మరి నాకెవరూ చెప్పలేదే."

"చదువుకోనివాళ్ళకి ఆలస్యంగా తెలుస్తుంది. కుక్క తలకాయ తియ్యి."

పెద్దమ్మ పగలబడి నవ్వింది. తర్వాత ఆ కాగితం నా చేతికిచ్చి మొత్తం చదవమంది. చదివాను. "తరాల విద్య అంతరించింది" దగ్గర నవ్వు ఆగిపోయింది. ఎదురుగా పదకొండుమంది ఆడవాళ్ళు గోడలకి మట్టి మెత్తుతూ చేతులు మోచేతుల దాకా ఎర్రగా చేసుకుని ఉన్నారు. వాళ్ళంతా అంతరించారట.

ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నానని పెట్టేస్తావు. కాగితాన్ని పెట్టెయ్యడం కష్టం. అందుకే ఇది బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. సంజాయిషీ రాయగలవు.

ఇట్లు, ఇప్పటికి బతికే ఉన్న (పేపర్లో వేరేగా వస్తే తెలియజేయి),
లమీసీ

*

అక్రా
2018 నవంబరు 27

ఓ చిన్న పంతులమ్మా,

నీ వినయం చూసి కళ్ళు చెమర్చాయి. కుంచె ధరించిన మహాపురుషుడు ప్రస్తుతం ట్యాపులో నీళ్ళు రాక మూడు రోజులుగా బకెట్టు ధరించి తిరుగుతున్నాడు.

పేపరు వాళ్ళు ఏదో రాస్తారు. గ్యాలరీ నడిపే డెడే మేడమ్ వాళ్ళకి ఏదో చెబుతుంది. మధ్యలో నేనేం చెయ్యను? దీనికింత గోల దేనికి? ఆవిడ బతికున్న సంగతి ఆవిడకి తెలుసు, నీకు తెలుసు, నాకు తెలుసు. బయూర్ గారికి నా తరఫున ఒక కుక్క తలకాయ బాకీ అని చెప్పు, వచ్చినప్పుడు ఆయనదే ఇస్తాను.

అసలు సంగతి నువ్వు అడగనే లేదు. నా బొమ్మలు ఆరు వేలాడుతున్నాయి. మన ఎర్ర మట్టి, మన నల్లరాయి పొడి, మన దవదవ కాయల కషాయం, అన్నీ గుడ్డ మీద. యూనివర్సిటీ పిల్లలు వచ్చి ముందు నుంచుని నోట్సు రాసుకుంటున్నారు. ఒకాయన అరగంట నుంచున్నాడు, తర్వాత తెలిసింది ఏసీ కోసమని. అయినా నుంచున్నాడు కదా. జనవరిలో గ్యాలరీ పెద్ద గోడ మీద అందరి ముందూ గీయాలి. మార్చిలో ఈ బొమ్మలన్నీ దేశం దాటి డాకర్ వెళతాయి. కుల్గో పేరు సముద్రతీరం వెంట పోతుంటే నువ్వు సబ్బు కాగితం పట్టుకుని ఏడుస్తున్నావు.

పెద్దమ్మకి ఒక నీలం చీటిగుడ్డ పంపుతున్నాను. ప్రదర్శన పుస్తకం కూడా పెట్టాను, బొమ్మలు రంగుల్లో ఉన్నాయి. బొమ్మలు చూపించు. చదివి వినిపించకు.

నీ అన్న,
ఆబేరింగా

*

కుల్గో
2018 డిసెంబరు 9

అన్నగారికి,

నీలం గుడ్డ అందింది. బాగుంది. పెద్దమ్మ అది కట్టుకోలేదు, మడిచి పెట్టెలో పెట్టింది. "శవానికి చుట్టడానికి పంపాడేమో అడుగు" అంది. అడుగుతున్నాను.

చదివి వినిపించకు అన్నావు కనక ముందు అదే చేశాను. ఆరు బొమ్మల్లోనూ ఒకటే గీత, నాలుగో దాని దగ్గర ఆగాం. మూడు మూలల వరస, ఒక్కో దాని నెత్తిన రెండు పొట్టి గీతలు. దాని పక్కన నీ పుస్తకం ఏమంటుందంటే: "శూన్యం, నాలుగు. అజ్ఞాత స్త్రీల సంప్రదాయం ఆధారంగా."

పెద్దమ్మ నన్ను మళ్ళీ చదవమంది. తర్వాత చాలా మర్యాదగా అడిగింది, "లమీసీ, శూన్యం అంటే?"

"ఏమీ లేకపోవడం, పెద్దమ్మా."

"ఏమీ లేదా? నలభై రెండు దూడలున్నాయి అందులో. లెక్కపెట్టు."

లెక్కపెట్టాను. నలభై రెండే.

అన్నా, ఆ గీత పేరు అతీపోకా దూడలు, పెద్దమ్మ పేరు మీదే. చుట్టుపక్కల ఏడు ఊళ్ళలో ఏ గోడ మీద గీసినా, గీసే మనిషి ముందు ఆ పేరు పైకి చెప్పి గీస్తుంది. పెద్దమ్మ ఈ ఇంటికి కోడలిగా వచ్చిన ఏడాది పశువులకి రోగమొచ్చి దొడ్డి ఖాళీ అయిపోయింది. తాతయ్య రోజూ పొద్దున లేచి ఖాళీ దొడ్డి వంక చూస్తూ కూచునేవాడు. పద్దెనిమిదేళ్ళ పిల్ల, మాట్లాడే చనువు లేదు. ఆయనకి ఎదురుగా ఉన్న గోడ నిండా దూడల్ని గీసింది. తాతయ్య చూసి, "వీటికి మేత ఎవరు వేస్తారు?" అన్నాడట. ఆ రోజే ఆయన తిండి తిన్నాడు. ఇది నాకు చెప్పింది నువ్వే, నాకు ఆరేళ్ళప్పుడు. ఇప్పుడు ఆవిడ అజ్ఞాత స్త్రీ అయింది, దూడలు శూన్యం అయ్యాయి.

ఇక ఆవిడ తీర్మానం రాస్తున్నాను. నేను ఒక్క ముక్క కలపలేదు.

"కొడుకు పేపర్లో వేయించాడంటే నేను పోయినట్టే. సరే. పోయిన ఆడదాని గీతని, ఆవిడ చావు పండగ అయ్యేదాకా ఎవరూ గీయకూడదు. పెద్దకొడుకు వచ్చి ఆవిడ తిన్న సొరబుర్ర గిన్నె పగలగొట్టాక గానీ ఆ గీత మళ్ళీ గోడెక్కదు. వాణ్ణి వచ్చి పగలగొట్టమను. లేదా నేను బతికున్నానని, ఆ గీత నాదని, ఎక్కడ చంపాడో అక్కడే రాయమను. అప్పటిదాకా ఎవరూ గీయరు. నేనూ గీయను. వాడూ గీయడు."

మన ఇంటి ప్రతి గోడకీ అడుగున దూడల వరస నడుస్తుందని నీకు తెలుసు. అది లేకుండా పైది మొదలుకాదు. పదకొండుమంది చేతులు కడుక్కుని కూచున్నారు.

లమీసీ

*

అక్రా
2018 డిసెంబరు 20

లమీసీ,

ఇది పెద్దమ్మ బుర్ర కాదు. నీ ట్రైనింగ్ కాలేజీ బుర్ర. తీర్మానాలు, షరతులు, గడువులు, ఇవన్నీ టీచర్ల యూనియన్‌లో నేర్చుకున్నవి.

బతికున్న మనిషికి చావు పండగ ఏమిటి? నేను దేశమంతా తిరిగి మన సంప్రదాయం గురించి ఉపన్యాసాలిస్తున్నాను, నాకే సంప్రదాయం నేర్పుతారా? గోడలు ఏటా వానకి కొట్టుకుపోతాయి. నేను గుడ్డ మీదకి తెచ్చాను కాబట్టి నిలుస్తాయి. దానికి దక్కిన బహుమానం ఇదీ.

ఆవిడకి పేపర్లో ఫొటో పడలేదని బాధ అయితే సూటిగా చెప్పొచ్చు. ఫొటోగ్రాఫర్ని పంపిస్తాను, మంచి గుడ్డ కట్టుకుని నుంచోమను.

ఇంకో మాట. ఆవిడకి గుర్తుందో లేదో, నాకుంది. నాకు తొమ్మిదేళ్ళు. వంటింటి వెనక గోడ మీద నేనూ దూడల్ని గీశాను. ఒక మధ్యాహ్నమంతా పట్టింది. ఆవిడ వచ్చి చూసి, ఒక్క మాట అనకుండా, పేడ కలిపిన మట్టి దోసిట్లో తీసుకుని మొత్తం మెత్తేసింది. ఆడపిల్లలందరూ నవ్వారు. నువ్వు చంటిదానివి, లేకపోతే నువ్వూ నవ్వేదానివి. మగపిల్లాడు గీస్తే ఏమవుతుంది, గోడ కూలిపోతుందా? అక్రా వచ్చాక గానీ ఎవరూ నన్ను గీయనివ్వలేదు. అది కూడా ఆ తీర్మానంలో రాసుకోండి.

ఏ పండగకీ రావడం కుదరదు.

ఆబేరింగా

*

కుల్గో
2019 జనవరి 6

అన్నా,

ఈసారి బిరుదులు లేవు, స్టాకు అయిపోయింది.

ఇక్కడ పరిస్థితి ఇదీ. కబురు మూడు ఊళ్ళు దాటింది. పెద్దమ్మ పుట్టింటి నుంచి ఇద్దరు ముసలాళ్ళు సైకిళ్ళ మీద గిన్నెకోడితో పరామర్శకి వచ్చారు. పోయిన మనిషే వాళ్ళకి నీళ్ళిచ్చింది. వాళ్ళు సిగ్గుపడి కోడిని తిరిగి పట్టుకెళ్ళలేదు, మేం తిన్నాం. బయూర్ గారు రోజూ బడికొచ్చే దారిలో ఆగి "దెయ్యానికి నమస్కారం" అంటాడు. మొదట్లో పెద్దమ్మ ఎదురు తిట్టేది. ఇప్పుడు తిట్టడం లేదు. ఆయనకే బెంగ పట్టుకుంది. నిన్న నన్ను పక్కకి పిలిచి, "పంతులమ్మా, నా వేళాకోళం వల్ల ఏమైనా తేడా జరిగిందా?" అన్నాడు. లేదు సార్, వేళాకోళం ఆడినవాడు వేరే ఉన్నాడు అన్నాను.

పొడిగాలి గోడల్ని చీల్చేస్తోంది. మట్టి మెత్తి వదిలేసిన గోడ బోడితలలా ఉంది. ఏప్రిల్లో మొదటి వాన పడితే ఈ ఏడాది ఇంటికి గీతలుండవు. నేను పుట్టాక అలా జరగలేదు.

నీ వంటింటి గోడ సంగతి ఆవిడని అడిగాను. గుర్తుందా అంటే, "ఎందుకు లేదు? ఎడం చేతి వైపు బాగా గీశాడు, కుడి వైపు తొందరపడ్డాడు" అంది.

"మరి ఎందుకు చెరిపావు?"

"నన్ను అడగలేదు."

"అడిగితే ఒప్పుకునేదానివా?"

"కాదనేదాన్ని. కానీ అడగలేదు. ఆ గీత నాది, నేను ఇరవై అడుగుల దూరంలో సజ్జలు చెరుగుతున్నాను, వాడికి నోరుంది."

ఫొటో మాట చెప్పాను. ఆవిడ నా వంక చూసిన చూపు నీకు కాగితంలో చుట్టి పంపగలిగితే బాగుండేది.

నా ప్రశ్న ఒక్కటే. డొంకతిరుగుడు లేకుండా జవాబు రాయి. పెద్దమ్మ పోయిందని పేపరువాళ్ళకి చెప్పింది డెడే మేడమా, నువ్వా?

లమీసీ

*

అక్రా
2019 జనవరి 19

లమీసీ,

నేనే.

పేపరు మనిషి చాలా మంచివాడు. ఈ గీతలు ఎవరు నేర్పారు అన్నాడు. పెద్దమ్మ అన్నాను. "అయితే వచ్చే వారం బోల్గా వెళుతున్నాం, ఆవిణ్ణి కూడా కలుస్తాం, ఈ బొమ్మల గురించి ఆవిడేమంటారో రాస్తే కథ నిండుగా ఉంటుంది" అన్నాడు. ఆవిడేమంటుందో నాకు తెలుసు. ఇరవై అడుగుల దూరం నుంచి తెలుసు. "వీడికి గీయమని ఎవరు చెప్పారు?" అంటుంది. అది పేపర్లో పడుతుంది. అప్పుడు నేనెవర్ని? మట్టి ఎత్తుకొచ్చిన దొంగని.

నోట్లోంచి వచ్చేసింది. ఆవిడ పోయారండీ, అన్నాను. అతను పెన్ను కింద పెట్టి, నా భుజం మీద చెయ్యి వేశాడు. అక్కణ్ణుంచి అంతా సులువైపోయింది. పోయినవాళ్ళు కాదనరు కదా. మిగతాది, చివరి చిత్రకారిణి, అంతరించిన విద్య, అదంతా వాళ్ళే అల్లారు, నేను తలూపాను. అజ్ఞాత స్త్రీ అన్నది మాత్రం డెడే మేడమే. పేరు రాయాలా అని ఆవిడ అడిగింది. అక్కర్లేదన్నాను.

పోయిన శనివారం గ్యాలరీ గోడ మీద గీయాల్సిన రోజు. నలభైమంది కుర్చీలేసుకుని కూచున్నారు. మట్టి కలిపాను, గీసే ఈక ముంచాను. ఇలాంటివి నేను నమ్మనని నీకు తెలుసు, ఉపన్యాసాల్లో మాత్రమే నమ్ముతాను. అయినా చెయ్యి గోడ దాకా వెళ్ళలేదు. ఆవిడ పోయిందన్నది నేనే, పోయినావిడ గీత గీయకూడదన్నది ఆవిడ. రెంటికీ మధ్య ఈక ఆరిపోయింది. జ్వరమని చెప్పి దిగిపోయాను. డెడే మేడమ్ అది కూడా ప్రదర్శనలో భాగమే అని వాళ్ళకి చెప్పింది. చప్పట్లు కొట్టారు.

బొమ్మల పక్కన పెట్టిన పేర్ల కార్డులు మార్చడం ఇప్పుడు కుదరదంటోంది. డాకర్ వాళ్ళకి పుస్తకం వెళ్ళిపోయింది. నేనేం చెయ్యగలను?

ఆబేరింగా

*

కుల్గో
2019 ఫిబ్రవరి 2

అన్నా,

నీ ఉత్తరం పెద్దమ్మకి మొత్తం చదివాను. వద్దని నువ్వు రాయలేదు, రాసినా చదివేదాన్ని.

నాకు చాలా మాటలు వచ్చాయి, అన్నీ తిట్లే. పిల్లలకి వ్యాకరణం చెప్పే నోటితో రాయలేక వదిలేస్తున్నాను. "నేనేం చెయ్యగలను" అన్నవాడివి, మనిషిని ఒక్క మాటతో చంపగలిగావు, ఆ పాటి శక్తి ఉన్నవాడికి ఆరు కార్డులు మార్చడం బరువా? ఆవిడకి ముగ్గురు పిల్లలు పుట్టి పోయారు. ఆవిడ మిగుల్చుకున్నవి నువ్వూ నేనూ ఆ గీతా. అందులో ఒకటి ఇంకోదాన్ని తీసుకుపోయి పేరు తుడిచేసింది.

ఇక మీద ఆవిడ మాటలు. చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"ఆబేరింగా, నేను అతీపోకాని. నువ్వు గీసినవి లమీసీ చూపించింది. కుడి వైపు ఇంకా తొందరపడుతున్నావు. నువ్వు గీశావని నాకు కోపం లేదు అంటే అబద్ధం, ఉంది. కానీ అది చిన్న కోపం, ఇంట్లో పడుంటుంది. నేను లేనన్నావు చూడు, అది పెద్దది. నా గోడ వానకి పోతుంది, నాకు తెలుసు, ఏటా పోతుంది, ఏటా గీస్తాను. గీసేదాన్ని నేనుండగా అది పోయినట్టు కాదు. నువ్వు గుడ్డ మీద ఆపావు, గీసినదాన్ని తీసేశావు. డబ్బు వద్దు, ఫొటో వద్దు. ఎక్కడ లేనన్నావో అక్కడే నుంచుని నేనున్నానని చెప్పు. ఇది కూడా కుదరకపోతే వచ్చి సొరబుర్ర పగలగొట్టు. కడిగి పెట్టాను."

నిజంగానే కడిగి పెట్టింది. గుమ్మం పక్కన బోర్లించి ఉంది. దాని మీద నుంచి దాటి బడికి వెళుతున్నాను రోజూ.

లమీసీ

*

అక్రా
2019 ఫిబ్రవరి 24

లమీసీ,

నిన్న ప్రదర్శన ఆఖరి రోజు. జరిగింది జరిగినట్టు రాస్తాను, జోకులు తర్వాత.

నలుగురైదుగురు మాట్లాడాక నా వంతు వచ్చింది. లేచి, మా పెద్దమ్మ పేరు అతీపోకా, బతికే ఉంది, పోయిందని నేను అబద్ధం చెప్పాను అన్నాను. మొదట అందరూ ఇది కూడా భాగమే అనుకున్నారు. ఒకావిడ చప్పట్లు మొదలెట్టింది. కాదండీ, ఇది కళ కాదు, నిజం అని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. పేపరు మనిషి వచ్చి ఉన్నాడు. అతని మొహం చూడలేకపోయాను. తర్వాత పెన్ను తీసుకుని, ఆరు కార్డుల మీదా కొట్టేసి రాశాను: "అతీపోకా దూడలు. కుల్గో గ్రామం. గీత కట్టింది అతీపోకా, ఇప్పటికీ గీస్తోంది. ఈ గుడ్డ మీద గీసింది ఆబేరింగా, ఆవిణ్ణి అడక్కుండా." ఐదోది అలుక్కుపోయింది, దాన్ని మళ్ళీ రాశాను.

డెడే మేడమ్ అరవలేదు. లోపలికి పిలిచి తలుపు వేసి, "అజ్ఞాత అని రాసినప్పుడు నువ్వు అక్కడే ఉన్నావు, గుర్తుందా?" అంది. గుర్తుంది అన్నాను. "నన్ను కూడా అబద్ధాలకోరుని చేశావు" అంది. అది కూడా నిజమే. బొమ్మలు డాకర్ వెళ్ళవు. ఆరూ నా గదిలో గోడకి మొహం తిప్పి ఉన్నాయి, మంచానికి చోటు లేదు. పేపర్లో బుధవారం వస్తుందట, చిన్నగా, లోపలి పేజీలో.

ఇప్పుడు పెద్దమ్మకి చదివి వినిపించు. నేను నుంచుని రాస్తున్నాననుకో.

పెద్దమ్మా, మీరున్నారని చెప్పాను. తొమ్మిదేళ్ళప్పుడు అడగాల్సింది ఇప్పుడు అడుగుతున్నాను. మీ దూడల్ని గీయడానికి నాకు అనుమతి ఇస్తారా?

ఆబేరింగా

*

కుల్గో
2019 మార్చి 8

ఆబేరింగా అన్నకి,

బుధవారం పేపరు కోసం బయూర్ గారు బోల్గా దాకా స్వయంగా వెళ్ళి, ఈసారి సబ్బుల్లేకుండా విడిగా కొనుక్కొచ్చారు. నాలుగు వాక్యాలున్నాయి. పెద్దమ్మ పేరుంది. మొదటి వాక్యం చదవగానే ఆయన లేచి, చాలా దుఃఖంతో, "అయితే నా కుక్క తలకాయ పోయినట్టే" అన్నాడు. పెద్దమ్మ ఆయన్ని మూడు తరాల వెనక్కి వెళ్ళి తిట్టింది. అంత కమ్మటి తిట్లు విని రెండు నెలలు దాటింది. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు, దుమ్ము పడిందన్నాడు.

మర్నాడు పొద్దున్నే పదకొండుమందీ వచ్చారు. దొడ్డికి ఎదురు గోడ ముందు, ఇంకా ఎండెక్కకముందే. నీ ఉత్తరం అక్కడే నుంచుని చదివాను, అందరూ వినేలా. ఐదో కార్డు అలుక్కుపోయిన దగ్గర ఒకావిడ నాలుక చప్పరించింది. ఆఖర్న నీ ప్రశ్న చదివి ఆగాను.

పెద్దమ్మ ఈకని మట్టిలో ముంచుతోంది. తల ఎత్తలేదు.

"ఇంకోసారి చదువు, అడిగిన ముక్క."

చదివాను. ఆవిడ పక్కావిడ వంక తిరిగి, "విన్నావా, అడిగాడు" అంది. ఆవిడ విన్నానంది. అటు పక్కావిడకి కూడా చెప్పింది. పదకొండుమందికీ విడివిడిగా చెప్పింది అన్నా, చెవిటి ముసలమ్మకి రెండుసార్లు.

తర్వాత నాతో, "వద్దన్నానని రాయి" అంది.

నేను నోరు తెరిచాను, నీ తరఫున ఏదో అందామని. ఆవిడ అప్పటికే గోడ వైపు తిరిగి మొదటి దూడ వీపు గీసేసింది. మొహం కనపడలేదు. చెయ్యి మాత్రం పద్దెనిమిదేళ్ళ పిల్ల చెయ్యిలా పరిగెడుతోంది.

కాబట్టి, నీకు అధికారికంగా తెలియజేయడమేమనగా: అడిగావు, కాదంది.

లమీసీ